పక్కకు తిరిగిన పన్నెండు

మా ఆయన విల్లీ జనవరి పదకొండున పోయాడు. మధ్యాహ్నం మూడింటికి నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి మంచం మీద దుప్పటి మార్చేశారు. నర్సు నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. తల ఊపాను. కింద అంతస్తులో ఒక కిటికీ దగ్గర ఆయన వస్తువులున్న గోధుమరంగు కాయితం సంచీ ఇచ్చి సంతకం పెట్టమన్నారు. పెట్టాను. ఆ సంచీ పట్టుకుని మంచులో నడుచుకుంటూ ఇంటికొచ్చి, బూట్లు విప్పి, బంగాళదుంపలు ఉడకబెట్టాను. ఇద్దరికి సరిపడా.

ఏడవలేదు. ప్రార్థన రోజునా ఏడవలేదు, మట్టి వేసేటప్పుడూ ఏడవలేదు. నన్ను చూసి, బ్లూయెట్ గట్టి మనిషి అని మా ఊరు ల లోక్ల్‌లో అందరూ అనుకున్నారు. గట్టితనం కాదది. పంటి డాక్టరు సూది పొడిచాక బుగ్గ ఎలా ఉంటుందో నాకు ఒళ్ళంతా అలా ఉండేది. గిల్లితే ఎవర్నో గిల్లినట్టుండేది.

సంచీ తొమ్మిది రోజులు వంటింట్లో కుర్చీ మీద అలాగే ఉంది. పదో రోజు విల్లీ చెల్లెలు నెల్లీ వచ్చింది. నెల్లీ మాటల పుట్ట. ఇంట్లో అడుగు పెట్టకముందే మెట్ల మీదనుంచి మొదలెడుతుంది.

"వదినా, ఇదేంటి, ఇంకా విప్పలేదా? ఇలా పెట్టుకుని కూర్చుంటావా దీన్ని? జరుగు."

ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. రేజరు, కళ్ళజోడు, చెప్పులు, నేను తీసుకెళ్ళిన ఊలు బనీను. చివర్న చేతికి తగిలినదాన్ని బయటికి తీసి, దీపం కింద పెట్టి చూసి, నోరు మూసుకుంది. నెల్లీ నోరు మూసుకోవడం అరుదు.

"వదినా. ఇది అన్నయ్యది కాదే."

కాదు. విల్లీది స్టీలు వాచీ. నేను పనిచేసే ఫ్యాక్టరీదే. పంతొమ్మిదివందల నలభై తొమ్మిదిలో మా పెళ్ళికి ముందు దాని లోపలి వెంట్రుకంత సన్నటి స్ప్రింగు నేనే కూర్చాను, నేనే సరిచూశాను. అదే నా పని. పదహారో ఏట ఫ్యాక్టరీలో బల్ల దగ్గర కూర్చున్నాను, ఇప్పుడు యాభై ఆరు. నా చేతుల మీదుగా లక్షల వాచీలు వెళ్ళుంటాయి. విల్లీది మాత్రం కళ్ళు మూసుకుని చప్పుడు వింటే చెప్పగలను. బల్ల మీదున్నది ఏ వెయ్యిమందిలోనూ కలవని మనిషిలా ఉంది.

"ఆసుపత్రివాళ్ళు మార్చేశారు! ఫోన్ చెయ్. ఇప్పుడే చెయ్. నువ్వు చెయ్యకపోతే నేనే చేస్తా," అంది నెల్లీ.

చేశాను. అవతలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. ఆ వారం ఆ వార్డులో ముగ్గురు పోయారట. పేర్లు చెప్పకూడదట. "మీరు దాన్ని పట్టుకు రండమ్మా, మేమే వాళ్ళకి చేరుస్తాం. మీది ఎక్కడుందో వెతుకుతాం," అంది. సరే అన్నాను.

పట్టుకెళ్ళలేదు. నెల్లీ వెళ్ళాక ఆ వాచీని తీసుకుని కీ ఇచ్చాను. అలవాటైన వేళ్ళు, అవే ఇచ్చాయి. చప్పుడు మొదలైంది. నెమ్మదిగా, బరువుగా, పెద్ద చక్రపు చప్పుడు.

చూడగానే తెలిసిపోయింది, అది పుట్టుకతో చేతి వాచీ కాదని. జేబు గడియారం. వెండిది, మూత లేనిది, తెల్ల పింగాణీ డయలు. పైన గొలుసు తగిలించే వలయాన్ని కోసేసి ఆకురాయితో నున్నగా అరగదీశారు, అయినా మచ్చ ఉంది. తర్వాత దొడ్డు వెండి తీగ వంచి రెండు పక్కలా చెవుల్లా టంకం పెట్టి, వాటికి తోలుపట్టీ కట్టారు. ఇలాంటివి నేను చూడకపోలేదు. మొదటి యుద్ధం రోజుల్లో ప్రతివాడూ తాతల గడియారాన్ని చేతికి కట్టించుకున్నవాడే. మా ఫ్యాక్టరీలో పాతకాలపు ఆడవాళ్ళు వాటిని తోకలు తెగిన పిల్లులనేవాళ్ళు.

కానీ ఇందులో తేడా ఉంది. మూత లేని జేబు గడియారంలో కీ బుడిపె పన్నెండు నెత్తి మీద ఉంటుంది, చిన్న సెకన్ల ముల్లు ఆరు దగ్గర. అలాంటిదాన్ని బుడిపె కుడిపక్కకొచ్చేలా చేతికి కడితే పన్నెండు కూడా కుడిపక్కకి పోతుంది. తెలిసిన పనివాడు డయలు విప్పి, పన్నెండు పైకొచ్చేలా తిప్పి మళ్ళీ కూర్చుతాడు. వీడు కూర్చలేదు. చేతికి పెట్టుకుంటే పన్నెండు నా వేళ్ళ వైపు చూస్తోంది, ఆరు మోచేతి వైపు. టైము చూడాలంటే మెడ వాల్చాలి. పట్టీ కూడా విచిత్రంగా ఉంది. అన్నిటికంటే బిగుతు రంధ్రంలో పెట్టినా నా మణికట్టు మీద గాజులా జారుతోంది. బిగుతు రంధ్రాలు కొత్తగా ఉన్నాయి, వదులువి మాత్రం వాడి వాడి సాగిపోయాయి. ఏ భీముడి మణికట్టో అనుకున్నాను.

తీసి పక్కన పెట్టాలి కదా. పెట్టలేదు. కోటు చేతి మీదుగా మోచేతి కిందికి లాగి కడితే నిలిచింది. అలాగే తిరిగాను. రొట్టెల దుకాణానికి, పోస్టాఫీసుకి. ఫ్యాక్టరీలో వారానికి మూడు రోజులే పని అప్పుడు. బ్యాటరీ వాచీలు వచ్చి మా గదిలో ముప్పయి రెండు బల్లలు తొమ్మిదయ్యాయి. మిగతా రోజులు ఖాళీ.

నెల్లీ చూసి తల కొట్టుకుంది. "ఎవరో చచ్చినవాడి వాచీ, వదినా! పైగా కోటు మీద! జనం ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారు?"

"పిచ్చెక్కిందనుకుంటారు."

"అనుకోనీ," అన్నాను. నాకు నిజంగానే ఏమీ అనిపించలేదు.

జనవరి నెలాఖరున రెండు రోజులు ఆగకుండా మంచు పడింది. మామూలుగా వాకిట్లో మంచు విల్లీ తోసేవాడు. ఊరి రోడ్ల మీద మంచు తోసే బండి నడిపేది ఆయనే. అది ముగించుకొచ్చి మా వాకిలి పారతో తోసేవాడు, వద్దంటే వినేవాడు కాదు. ఆ ఉదయం పార నేను తీశాను. రెండు చేతులూ ముందుకు చాచి, కర్ర పట్టుకుని నెట్టుకుంటూ వీధి చివరిదాకా వెళ్ళాను. అలవాటు లేని పని, ఆయాసం వచ్చింది. నెడుతూనే కిందికి చూశాను.

పది దాటి ఇరవై నిమిషాలు.

మెడ వాల్చలేదు, చెయ్యి తిప్పలేదు. చేతులు ముందుకు చాచి ఉన్నాయి గనక పన్నెండు సరిగ్గా పైన ఉంది, ఆరు కింద ఉంది. డయలు నా మొహంలోకి తిన్నగా చూస్తోంది. పార ఆపి, చెయ్యి దగ్గరికి తీసుకున్నాను. పక్కకి తిరిగిపోయింది. మళ్ళీ చాచాను. నిలబడింది. ఎదురింటి ఆవిడ కిటికీలోంచి చూస్తోంది, నేను ఉత్త చేతులు చాచడం, ముడవడం.

అంటే పనివాడికి చేతకాక కాదు. చేతులు చాచి ఉంచి, వదలడానికి వీల్లేని మనిషి కోసం చేశాడు.

మర్నాడు నూమా గారి దగ్గరికి వెళ్ళాను. నూమా దుకొమ్యూఁ గారికి ఎనభై రెండు. నేను చేరిన ఏడు మా గదికి పెద్ద ఆయనే. ఇప్పటికీ కిటికీ దగ్గర బల్ల వేసుకుని ఊళ్ళోవాళ్ళ గడియారాలు బాగుచేస్తాడు. నాకు యాభై ఆరొచ్చినా ఆయనకి నేను అమ్మాయినే.

"రా అమ్మాయ్. కూర్చో. విల్లీ సంగతి విన్నా, మోకాళ్ళు సహకరించక రాలేకపోయా. ఏం తెచ్చావ్?"

చేతికున్నది విప్పి ఇచ్చాను. కంటికి భూతద్దం బిగించుకుని అటూ ఇటూ తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"నువ్వు వాసన చూశావా?"

"లేదండి."

"నలభై ఏళ్ళు నేర్పినా కళ్ళే వాడతారు మీరు. చూడు."

చూశాను. తోలుపట్టీ లోపలివైపు పులిసిన వాసన. ఎక్కడో తెలిసిన వాసనే, అందలేదు.

ఆయన వెనక మూత గోటితో లేపాడు. సూది మొనతో చెవుల సందుల్లోంచి ఏదో గీకి తెల్ల కాయితం మీద రాల్చాడు. పసుపుపచ్చని పెచ్చు. తడి వేలికి అద్దుకుని నాలిక్కి రాసుకున్నాడు. నేను వద్దనే లోపే.

"పాలు," అన్నాడు. "ఎండిన పాలు, ఉప్పు. ఇది చీజ్ కాచేవాడిది అమ్మాయ్. రాగి గంగాళం ముందు నిలబడి, రెండు చేతులూ చాచి కలుపుతుంటాడు. చెయ్యి తీసి టైము చూసుకుంటానంటే కుదరదు. అందుకని వీడికి పన్నెండుని పడుకోబెట్టారు. పట్టీ పొడుగు ఎందుకనుకున్నావ్? మణికట్టుకి కడితే పాలల్లో మునుగుతుంది. మోచేతి కింద, కండ మీద కట్టాడు."

అప్పటిదాకా నేను కూడా దాన్ని అక్కడే కట్టుకుంటున్నానని ఆయనకి చెప్పలేదు.

మూత లోపల సన్నటి గీతలున్నాయి. బాగుచేసిన ప్రతివాడూ సూదితో సంవత్సరం గీసి, తన గుర్తు పెడతాడు. పంతొమ్మిది, ఇరవై ఏడు, ముప్పయి ఎనిమిది, యాభై ఒకటి. నాలుగింటి పక్కనా చిన్న చేప బొమ్మ.

నూమా గారు నవ్వాడు. "టెల్ ముసలాడు. లా బ్రెవీన్‌లో దుకాణం. సంతకం చెయ్యడానికి బద్ధకమై చేప గీసేవాడు. పోయి పాతికేళ్ళయింది. డయలు తిప్పడం వాడికి తెలీదనుకోకు, నాకు నేర్పింది వాడే." మూత నొక్కి మూశాడు. "ఆగు. ఇది చాలా వెనక నడుస్తోంది. రోజుకి ఆరు నిమిషాలుంటుంది. సరిచేసివ్వనా? నువ్వే చేసుకోగలవుగా."

"ఉండనివ్వండి."

ఆయన భూతద్దం తీసి నన్ను చూశాడు. "సరిగ్గా తింటున్నావా?"

"తింటున్నానండి."

లా బ్రెవీన్‌కి పోస్టు బస్సు రోజుకి మూడుసార్లు. మా వైపు అంతటికీ అంతకంటే చలి ఊరు లేదు. బస్సులో నేనూ, కోళ్ళ బుట్టతో ఒకావిడా, డ్రైవరూ. ముందు సీట్లో కూర్చుని అడిగాను, ఈ మధ్య చీజ్ కాచే ఆయన ఎవరైనా పోయారా అని.

"ఆల్సిడ్," అన్నాడు డ్రైవరు వెంటనే. "ఆల్సిడ్ మత్తే. జనవరిలో. చెరువు దాటాక రెండో ఇల్లు, పొగ వస్తుంటుంది చూడండి. ఆవిడే నడుపుతోంది ఇప్పుడు. చుట్టమా మీరు?"

"కాదు."

"కాకపోతే జాగ్రత్త. ఒర్తాన్స్‌ది పదునైన నాలుక."

దిగాక పది నిమిషాలు నడిచాను. ఊపిరి కండువా మీద గడ్డకడుతోంది. వీధి తలుపు తట్టితే ఎవరూ పలకలేదు. పక్కన పొగ వచ్చే గదిలోంచి "తలుపు మూస్తే లోపలికి రా, మూయకపోతే రాకు!" అని కేకేశారు.

లోపలికెళ్ళి మూశాను. గది నిండా ఆవిరి. మధ్యలో మనిషి పట్టేంత రాగి గంగాళం. దాని ముందు నా వయసుదే ఒక ఆడమనిషి, చేతులు మోచేతులదాకా బయటపెట్టుకుని, పొడుగు కర్రతో కలుపుతోంది. నా వైపు తిరగలేదు.

"పన్ను వసూలుకైతే గురువారం రండి. బైబిలు అమ్మడానికైతే నా దగ్గర రెండున్నాయి."

"నా పేరు బ్లూయెట్ కలామ్ అండీ. ల లోక్ల్ నుంచి వచ్చాను. మీ వారి వాచీ విషయమై."

కర్ర ఆగలేదు. "మా ఆయన వాచీకి ఏం విషయముంటుందమ్మా? ఆయన చేతికే ఉంది. మట్టిలో. చేతికి కట్టి పంపమన్నాడు, పంపాం."

కోటు చేతి మీదనుంచి వాచీ విప్పి, కిటికీ గట్టు మీద పెట్టాను, ఆవిడకి కనిపించేలా.

కర్ర ఆగింది.

ఆవిడ మొదటిసారి ఇటు తిరిగింది. గంగాళంలో పాలు వాటంతటవే ఒక చుట్టు తిరిగి నెమ్మదించాయి. ఒక్కసారి ఉలిక్కిపడి మళ్ళీ కలపడం మొదలెట్టింది. కలుపుతూనే అడిగింది.

"ఇది మీ దగ్గరికెలా వచ్చింది?"

చెప్పాను. ఆసుపత్రి, కాయితం సంచీ, ఒకే వార్డు. నా మొగుడు పదకొండున అన్నాను. మా ఆయన పదిన అంది.

"ఆ సంచీ నేను విప్పలేదు," అంది. "శవపెట్టె చేసేవాడికిచ్చి, ఇందులో వాచీ ఉంటుంది, ఎడమచేతికి కట్టు, చొక్కా చెయ్యి కిందికి లాగు అన్నాను. కట్టానన్నాడు. నేను చూడలేదు. మొహం చూశాను, చేతులు చూడలేకపోయాను." కర్ర ఇంకోసారి నెట్టి, "అంటే ఇప్పుడు ఆల్సిడ్ చేతికున్నది..."

"మా విల్లీది."

"ఎలాంటిది?"

"స్టీలుది. డయలు బూడిదరంగు. నేనే సరిచూశాను. రోజుకి రెండు సెకన్లు కూడా తప్పదు."

ఒర్తాన్స్ మొహంలో ఏదో కదిలింది. "రెండు సెకన్లా? అయితే మా ఆయన పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సరైన టైములో ఉన్నాడన్నమాట! ముప్పయి మూడేళ్ళు కాపురం చేశాను, ఒక్క పూటన్నా ప్రార్థనకి వేళకి పోయింది లేదు. పాస్టరు గారు మా కోసం ఒక పాట ఎక్కువ పాడించేవాడు."

నా గొంతులోంచి చప్పుడొకటి వచ్చింది. నవ్వో దగ్గో. ఆవిడ కూడా నవ్వింది, వెంటనే మానేసింది.

"మామగారిది ఇది," అంది. "జేబులో పెట్టుకుని గంగాళం మీదికి వంగేవాడు. రెండుసార్లు పాలల్లో పడింది. మూడోసారి పడ్డప్పుడు అత్తగారు, గడియారమన్నా మానెయ్, చీజన్నా మానెయ్ అందట. టెల్ దగ్గరికెళ్ళి, దీన్ని నా చేతికి కట్టరా బాబూ అన్నాడు. టెల్ వచ్చి ఇక్కడే, మీరున్న చోటే నిలబడి, ఒక పొద్దంతా ఆయన పనిచేయడం చూసి వెళ్ళాడట. తర్వాత మా ఆయనకొచ్చింది. ఎంత వెనక నడుస్తుందో తెలుసు, మధ్యాహ్నం రేడియో కూత పెట్టగానే తిప్పుకునేవాడు."

కర్ర ఎత్తి, వేళ్ళతో విరిగిన పాలల్లోంచి గుప్పెడు పాలగింజలు తీసి పిండి చూసింది. పెదవి విరిచింది.

"మీ చేతులు శుభ్రమేనా?"

"ఏం?"

"కడుక్కోండి, అదుగో సబ్బు. మా తమ్ముడి కొడుకు రావాలి, వాడికి జ్వరం. ఇంకో పావుగంట కలపాలి, వడకట్టే గుడ్డ సర్దుకోవాలి. నాకున్నవి రెండే చేతులు. ఇంతదూరం వచ్చారు, ఊరికే నిలబడతారా?"

కోటు విప్పాను. జాకెట్టు చేతులు పైకి మడిచి కడుక్కున్నాను. ఆవిడ కర్ర నా చేతిలో పెట్టి, గట్టు మీదున్న వాచీ తీసి, నన్నడక్కుండా నా ఎడమచేతికి మోచేతి కింద కట్టింది. పట్టీని ఎక్కడికి లాగాలో ఆవిడ వేళ్ళకి తెలుసు.

"చూసి చెప్పండి, ఎంతయింది?"

"పదకొండు ముప్పయి నాలుగు."

"నలభై ఎనిమిదికి ఆపుదాం. గుండ్రంగా కాదు, ఎనిమిది అంకె వేసినట్టు కలపాలి. గిర్రున తిప్పారో, గింజలన్నీ మధ్యలో కూడి ముద్దవుతాయి."

కలిపాను. బరువుగా ఉంది, పాలు కర్రని వెనక్కి నెడుతున్నాయి. ఆవిరి మొహాన కొడుతోంది. కిందికి చూస్తే ఆవిరిలోంచి తెల్ల డయలు, తిన్నగా నిలబడి. నలభై. నలభై మూడు. మధ్యలో ఆవిడ నా కుడిచెయ్యి పట్టుకుని మోచేతిదాకా గంగాళంలో ముంచింది. "గింజ పట్టుకుని చూడండి. నొక్కితే పిడికిట్లో అంటుకోవాలి, విదిలిస్తే విడిపోవాలి." వేడి. కాలేంత కాదు, కానీ చర్మం పోయి ఎముకదాకా దిగింది. ఇన్ని వారాల్లో నా ఒంటికి ఏదైనా తగిలినట్టు అనిపించడం అదే మొదలు. చెయ్యి బయటికి తీయాలనిపించలేదు. ఆవిడే తీసింది.

నలభై ఎనిమిదికి గుడ్డ వేశాం. ఆవిడ అంచు పళ్ళతో పట్టుకుని, వంచిన స్టీలు పట్టీతో అడుగునుంచి లాగింది. నేను ఇటు అంచు పట్టుకున్నాను. ఇద్దరం ఎత్తి అచ్చు పోసే చట్రంలో పడేశాం. నీళ్ళు కారాయి. నా జాకెట్టు, లంగా అంతా తడిసింది. ఒర్తాన్స్ చట్రం మీద బరువు పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

అప్పుడు మాట్లాడుకున్నాం, ఆ పని అయ్యాక. మే నెలలో నేల మెత్తబడుతుంది అంది. పాస్టరు గారితో మాట్లాడి, కాయితాలు పెట్టుకుంటే తవ్వించొచ్చు. మీ ఆయనది మీకొస్తుంది, మా ఆయనకి ఆయనది కట్టొచ్చు.

"మీకు తవ్వించాలని ఉందా?" అన్నాను.

"నాకు లేదు. మీ కోసం అంటున్నా."

"నాకూ లేదు."

"పరాయి మగాడి చేతికుంది మీ ఆయన వాచీ."

"ఈపాటికి ఆగిపోయుంటుందండి. నలభై గంటలే నడుస్తుంది," అన్నాను. అది తప్ప చెప్పడానికి నాకేమీ తెలీదు.

వాచీ విప్పి ఇవ్వబోయాను. ఒర్తాన్స్ చేతులు వెనక్కి పెట్టుకుంది. చిన్నపిల్లలా.

"వద్దు. ఆయన చెయ్యి లేకుండా అది నాకెందుకు? గోడకి గడియారముంది. సొరుగులో పెడితే రోజూ ఆ సొరుగు తీస్తాను. నా సంగతి నాకు తెలుసు."

"నాకూ హక్కు లేదు కదండీ."

"హక్కు సంగతి ఎవడడిగాడు? మీ చేతికి సరిపోయింది. కలుపుతుంటే చూశాను." తల తిప్పుకుని చట్రం బరువు సర్దింది. అప్పటికే సర్ది ఉంది అది. "బస్సు రెండింటికి. సూప్ ఉంది. తింటారా?"

తిన్నాను. రొట్టె, ఉల్లిపాయ సూప్, నిరుటి చీజ్. రెండో గిన్నె కూడా తిన్నాను. ఒర్తాన్స్ చూసి ఏమీ అనకుండా మూడోది పోసింది.

ఆ తర్వాత జరిగినవి ఇంతే. ఆసుపత్రి నుంచి ఏప్రిల్లో ఉత్తరం వచ్చింది, పొరపాటుకి చింతిస్తున్నామని. నెల్లీ దాన్ని నాలుగుసార్లు చదివి, కేసు వెయ్యమంది. నేను మడిచి పెట్టేశాను. అక్టోబరులో ఫ్యాక్టరీలో మా గది మూసేశారు. చివరి రోజు ఎవరి పనిముట్లు వాళ్ళకిచ్చేశారు. మిగతా ఆడవాళ్ళు ఏడ్చారు. నేను వాళ్ళ భుజాలు తట్టాను.

వాచీని సరిచేయలేదు. ఇప్పుడు కోటు మీద కట్టుకోవడం లేదు, చర్మం మీదే. పట్టీకి ఇంకో రంధ్రం వేయించుకున్నాను. ఎవరన్నా టైము అడిగితే చెయ్యి ముందుకు చాచి చెబుతాను. ఎదుటివాళ్ళు కరచాలనం అనుకుని చెయ్యి కలుపుతారు. కొంతమంది అలాగే పరిచయమయ్యారు.

ఆ ఏడు మేలోనే ఒకసారి లా బ్రెవీన్ వెళ్ళాను. తవ్వించడానికి కాదు. ఒర్తాన్స్ నన్ను శ్మశానానికి తీసుకెళ్ళింది. మంచు కరిగి నేల బురదగా ఉంది. ఆల్సిడ్ సమాధి దిబ్బ మీద గడ్డి ఇంకా రాలేదు. ఇద్దరం నిలబడ్డాం. అక్కడ నాకు తెలియని ఒక మనిషి, ఆయన చేతికి నేను కూర్చిన స్ప్రింగు. ఏడుపొస్తుందేమోనని చూశాను. రాలేదు.

"రేపు పెద్ద గంగాళం కాచాలి. మా తమ్ముడి కొడుక్కి మళ్ళీ జ్వరమట, సోమరి వెధవ. ఉండిపోతారా?" అంది ఒర్తాన్స్.

పొద్దున ఎన్నింటికి లేవాలని అడిగాను.